పూడ్చని తీగ పాపమెవరిది?

ఒక పని జరిగినది, చేసినవాడు మాత్రము లేడు అను మాట వినబడినచో మన తార్కికులు నవ్వి యూరకుందురు. ఏలయన కార్యమున్నచోట కర్త యుండక తప్పదన్నది వారి వాదమునకు పునాది. ఆ పునాది మీదనే ఉదయనుడు తన న్యాయకుసుమాంజలిలో జగత్తునకు ఈశ్వరుడను కర్తను నిలిపినాడు. అట్టి తార్కికు నొకనిని దోడ్కొని వచ్చి, అమెరికాలో టెక్సస్ రాష్ట్రమున, డాలస్ నగరమున కుత్తరముగా వ్యాపించిన ఫ్రిస్కో, ప్లేనో వంటి యూళ్ళలో మనవారు విరివిగా నివసించు వీథి నొకదానియందు నిలిపి, ఇంటి ముందరి పచ్చిక మీద వంకరటింకరగా పడియున్న నారింజవన్నె కేబులును జూపి, దీని నిట్లు వదలినదెవరో అనుమానప్రమాణముచేత తేల్పుమని యడిగినచో, అతని శాస్త్రమునకు గట్టి పరీక్షయే యగును. తీగ యున్నది. వేసినవాడున్నాడు. వదలినవాడు లేడు.

ఈ తీగ వృత్తాంతము నెరుగనివారికి కొంత చెప్పవలసియున్నది. ఆ దేశమున కొత్తగా వెలసిన పేటలలో వీథివెంట స్తంభములును, వాటికి వ్రేలాడు తీగలును తరచుగా కానరావు. సమస్తమును నేల క్రిందనే పోవును. రెండిండ్ల సరిహద్దున మోకాలెత్తు ఆకుపచ్చని పెట్టె యొకటి నిలిచియుండును. అందుండి ఒక్కొక్క గృహమునకు ఒక్కొక్క తీగ భూమిలో బయలుదేరి, గోడకు బిగించిన చిన్నపెట్టెను జేరి, అచ్చటినుండి లోపలి మోడెమునకు పోవును. దీనిని ఆ వృత్తివారు డ్రాపు అందురు. నడుమ రాగిపూత గల ఉక్కుతీగ, దానిచుట్టు తెల్లని నురుగువంటి పదార్థము, దానిపై అల్యూమినియము రేకు, ఆపైని సన్నని తీగెల అల్లిక, అన్నిటికిని కవచముగా ప్లాస్టిక్ తొడుగు; ఇన్ని పొరలుండియు చిటికెనవ్రేలికన్న సన్నమైన ఈ వస్తువు ఒక కుటుంబము యొక్క ఉద్యోగమును, విద్యను, వినోదమును, సముద్రముల కావలనున్న తల్లిదండ్రుల ముఖదర్శనమును మోయుచుండును. తొడుగునకు గాటుపడి లోనికి నీరు దిగినచో సంకేతము నానాటికి క్షీణించును. గులాబిమొక్కను నాటబోయిన వాని పార తగిలినచో ఒక్కమారుగా తెగును.

అట్లు తెగినపుడు కబురంపగా కంపెనీ టెక్నీషియను వచ్చును. చాలవరకు వాడు నేర్పరి, మర్యాదస్తుడు. పరికరము నంటించి చూచి, భూమిలోని తీగ చచ్చినదని తేల్చి, బండిలోని చుట్టనుండి కొత్త తీగ నొకదానిని దీసి, ఆకుపచ్చని పెట్టెనుండి గోడవరకు పచ్చిక మీదుగా పరచి, రెండు కొనలను బిగించి, లోపల దీపములు వెలిగినవని చూపి, పూడ్చువారు వేరుగా వత్తురని చెప్పి పోవును. వాడు త్రవ్వడు, త్రవ్వరాదు. ఆ దేశమున గునపము వేయదలచిన ఎవడైనను ముందుగా 811 అను సంఖ్యకు ఫోను చేసి తెలుపవలెను. 2005లో ప్రభుత్వము నిర్ణయించిన ఈ సంఖ్య 2007 నుండి దేశమంతట వ్యవహారములోనికి వచ్చినది. అంతట గుర్తులు పెట్టువారు వచ్చి, నేలమీద విద్యుత్తునకు ఎరుపు, గ్యాసునకు పసుపు, వార్తావాహికలకు నారింజ, మంచినీటికి నీలము, మురుగునకు ఆకుపచ్చ రంగులతో గీతలు గీసి, చిన్న జెండాలు గ్రుచ్చి పోవుదురు. పిమ్మటనే త్రవ్వకము. ఈ నియమమును తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. గ్యాసుగొట్టము మీద గునపము పడినచో పోవునది పచ్చిక కాదు, ప్రాణములు. కనుక తీగ కొన్ని దినములు నేలపై నుండుట దోషము కాదు. అది ఆపద్ధర్మమునకు మంచి యుదాహరణము. సంబంధము ఆగదు, భూమిలోని ఇతర వాహికలు చెడవు, ప్రతివాడును తన విద్యకు తగిన పనినే చేయును.

దోషము ఆ కొన్ని దినములు నెలలగునపుడు పుట్టును. పుట్టిన ముహూర్తము మాత్రము ఎవనికిని తెలియదు. టెక్నీషియను టికెట్టు దీపము వెలిగినంతనే ముగిసినది. పూడ్చుటకు మరియొక టికెట్టు పుట్టి కాంట్రాక్టరునకు పోయినది. అతడు దానిని సబ్‌కాంట్రాక్టరున కిచ్చినాడు. గుర్తుల వారు వచ్చి రంగులు వేసి పోయినారు. ఆ గుర్తుల కొక గడువు కలదు, ఆ గడువు లోపల వాన వచ్చినది, పూడ్చువారు రాలేదు. పచ్చిక పెరిగినది, కోయబడినది, జెండాలు దానితో పోయినవి. టికెట్టు కాలము తీరినది. తీరిన టికెట్టునకును, నెరవేరిన టికెట్టునకును కంప్యూటరులో భేదము కొన్నిచోట్ల కానరాదు కాబోలు, ఫోనులో కోకిలకంఠముతో పలుకు అమ్మాయి, “మీ పని పూర్తియైనట్లు మాకు కనబడుచున్నది, సార్” అని మా మిత్రునొకనికి చెప్పినది. అతడు ఆ సమయమున ఆ తీగను దాటుచు నిలిచియున్నాడు. ఆమె అబద్ధమాడలేదు, ఆమెకు కనబడినది అదియే.

చట్టము ఈ సంగతిని పట్టించుకొనలేదా యన్నచో, ఒక విధముగ పట్టించుకొన్నది. 1992లో అమెరికా కాంగ్రెసు చేసిన కేబులు శాసనము ననుసరించి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను 1993 జూలై నుండి అమలునకు తెచ్చిన సేవానియమములలో, ఫోనునకు 30 సెకనులలో మనిషి పలుకవలెననియు, మామూలు సంబంధమును 7 పనిదినములలో నీయవలెననియు, టెక్నీషియను వచ్చు వేళను 4 గంటలకు మించని అవధిలో చెప్పవలెననియు, సేవ ఆగినచో 24 గంటలలోపల బాగుచేయ నారంభింపవలెననియు ఉన్నది. టెలివిజను కొరకు పుట్టిన నియమములే యైనను, కొలుచుటకు వీలైన దానినెల్ల శ్రద్ధగా కొలిచినవి. పరచిన తీగను పూడ్చుటకు మాత్రము వాటిలో గడువు లేదు. దానిని ఊరూరి ఒప్పందములకు విడిచిరి. 2005లో టెక్సస్ శాసనసభ ఆ ఊరూరి ఒప్పందములకు బదులు రాష్ట్రమంతట కొకే అనుజ్ఞాపత్రము చాలునన్న పద్ధతిని తెచ్చుటతో ఊరిపెద్దలకు అడుగుచోటును తగ్గినది. సంకేతమునకు గడియారము కలదు, మట్టికి లేదు.

ఇందులో నష్టపోవువాడు చందాదారుడే యైనచో ఇంత విచారమునకు పూనుకొనను. కాని ఆ తీగకు మొదట బలియగువాడు పచ్చిక కోయువాడు. మెక్సికో నుండియో, గ్వాటెమాలా నుండియో వచ్చి, ఎండలో యంత్రము నడుపుచు, వారమున కన్ని యిండ్లని లెక్కపెట్టుకొని బ్రతుకు మనిషి. ఏపుగా పెరిగిన గడ్డిలో తీగ వానికి కానరాదు. కోయును. ఇంటివాడు కేకలు వేయును, వాని కూలిలో కొంత విరిచినను విరుచును. ఆకుపచ్చని పెట్టెయొద్ద ఆరంభమైన కర్మపరంపర యందు ఒక్క నిర్ణయమును చేయనివాడు, ఒక్క టికెట్టును మూయనివాడు, ఫలము ననుభవించుటలో నందరికన్న ముందు నిలిచినాడు. కర్మసిద్ధాంతమును నమ్మువాడు ఇచ్చట ఆగి ఆలోచింపక తప్పదు: ఈ పాపము ఎవని ఖాతాకు పోవును?

కంపెనీ ఖాతాకే యని తొందరపడి చెప్పుదుము. అయితే కంపెనీ యనగా నేమి? అదృశ్యమైన కృత్రిమ వ్యక్తి యని 1819లోనే అమెరికా ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ డార్ట్‌మత్ కళాశాల వ్యాజ్యమున నిర్వచించినాడు. మనకును ఇట్టి వ్యక్తులు కొత్త కాదు. దేవాలయములోని విగ్రహమూర్తి ఆస్తిని కలిగి, వ్యాజ్యమాడదగిన వ్యక్తియని 1925లో ప్రివీ కౌన్సిలు మల్లిక్ వారి వ్యాజ్యమున స్పష్టపరచకముందే, మన పల్లెలలో మాగాణి స్వామివారి పేర నుండెను, పంట స్వామివారి గాదెకు పోయెను. కాని స్వామికి పాపమంటునని ఎవరు ననలేదు. దేవుని సొమ్ము మ్రింగిన పాపము ధర్మకర్తకు చుట్టుకొనునని మన పెద్దలు ఆ మనిషి పేరుపెట్టియే తిట్టిరి. అంతఃకరణము లేనిచోట సంస్కారము నిలువదు, సంస్కారము నిలువనిచోట పాపమునకు చోటు లేదు. నరకములో కంపెనీని కూర్చుండబెట్టుటకు పీట లేదు. కావున కంపెనీ పాపము అనునది చట్టమునకు పనికివచ్చు మాటయే కాని ధర్మశాస్త్రమునకు సరిపడు సమాధానము కాదు. అది మనుష్యులపై బడక తప్పదు. ఏ మనుష్యులపై?

ఆత్మయే లేదన్న బౌద్ధులు ఈ చిక్కును మనకన్న ముందే ఎదుర్కొనిరి. చేయువాడును అనుభవించువాడును ఒకే స్థిరవస్తువు కానిచో శిక్ష యెవనికని మిళిందుడను యవనరాజు నాగసేనుని ప్రశ్నించినట్లు మిళిందపన్హలో నున్నది. నాగసేనుడు చెప్పిన దృష్టాంతములలో నొకటి ఇది: చలికాలమున ఒకడు పొలములో నిప్పు రాజేసి, చలికాచుకొని, ఆర్పకయే పోయెను, అది ప్రాకి పొరుగువాని చేనును దహించెను. రాజుముందర వాడు, నేను రాజేసిన నిప్పు వేరు, చేనును కాల్చిన నిప్పు వేరు, నాకు దోషము లేదనెను. వాని మాట చెల్లునా? చెల్లదు, ఏలయన ఆ నిప్పునుండియే ఈ నిప్పు పుట్టినదని మిళిందుడే ఒప్పుకొనెను. పొలమున నిప్పువేసినవాని వాదము ఎంత ప్రాచీనమో యంత నవీనము. మేము తెరచిన టికెట్టు వేరు, గడువు తీరిన టికెట్టు వేరు. అప్పటి కాంట్రాక్టరు వేరు, ఇప్పటి కాంట్రాక్టరు వేరు. ఆ మనిషి ఇప్పుడు మాయొద్ద లేడు. ఇవియన్నియు నిజములే, నిప్పుమనిషి చెప్పినదియు నిజమే. అయినను పరంపర తెగలేదు. కర్త నిలుకడ లేనివాడైనను కర్మసంతతి నిలుకడగలదే యన్నది బౌద్ధుని సమాధానము. అది నన్ను కొంతవరకే తృప్తిపరచినది. ఏలయన నిప్పు రాజేసినవాడును ఆర్పనివాడును అక్కడ ఒక్కడే. మన టెక్నీషియను నిప్పు రాజేసినవాడే కాని, ఆర్పుట అతని పనియని ఎవరు నతనికి చెప్పలేదు.

పలువురు కలిసి చేయు పాపమును మనువు ఐదవ యధ్యాయమున ఇంకను నిశితముగా పరిశీలించినాడు. అది మాంసవిచారము. జంతువును చంపినవాడొక్కడే హంతకుడని లోకము తలచుచుండగా, ఆయన అనుమతించినవానిని, కోసినవానిని, చంపినవానిని, కొన్నవానిని, అమ్మినవానిని, వండినవానిని, వడ్డించినవానిని, తిన్నవానిని అందరిని ఒక్క వరుసలో నిలిపి హంతకులే యన్నాడు. నేడు సరఫరాపరంపర యని చెప్పుకొనుదానిని ఆ కాలముననే కొననుండి కొనవరకు నడచి చూచినవాడాయన. ఆ వరుసలో నెవనికిని, నేను వడ్డించితిని గాని చంపలేదు అను సాకు నీయలేదు. అంతకన్న మనలను కలవరపరుపవలసినది చివరివాని స్థానము. తినువాడు లేనిది అమ్మువాడు లేడు. కేబులు విషయమున తినువాడెవడు? నేనే. ఇంటర్నెట్టు ఈ పూటయే కావలెనన్నవాడను నేను. మీటింగు తప్పునని, పిల్లల పరీక్ష యాగునని, సీరియలు పోవునని, నేలపైనైనను సరే వేసిపొమ్మన్నవాడను నేను. రంగులు వేసి, త్రవ్వి, పూడ్చినపిమ్మటనే సంబంధము కలుపుదుము, వారము దినములు ఓర్చుకొనుడని కంపెనీ చెప్పియున్నచో, నేను వేరు కంపెనీకి మరలియుందును. అట్లని పాపమును ఎనిమిదిమందికి సమభాగములుగా పంచిపెట్టుట నాకు రుచింపదు. పదిమందికి సమముగా పంచిన పాపము గంగలో వేసిన ఉప్పువలె కరగిపోవును. అందరును కర్తలే యన్నచో తుదకు ఎవడును కర్త కాడు. కంపెనీకి కావలసినదియు అదియే.

కావున ఇంకను లోతునకు పోయి యజ్ఞమును చూడవలెను. పని విభజనమునకు యజ్ఞముకంటె ప్రాచీనమైన నమూనా మనకు లేదు. సోమయాగమునకు పదునారుగురు ఋత్విజులు. హోత చదువును, అధ్వర్యుడు చేతితో చేయును, ఉద్గాత పాడును, ఒక్కొక్కరికి ముగ్గురేసి సహాయకులు. ఒకరి పని మరియొకరు చేయరాదు. ఇందరు చేయగా స్వర్గము మాత్రము యజమానికే యెట్లు పోవునని జైమిని తన మీమాంసాసూత్రముల మూడవ యధ్యాయమున ప్రశ్న లేవనెత్తి, శాస్త్రమున చెప్పిన ఫలము ప్రయోగము చేయించువానిది కనుక వాడే కర్తయనియు, ఋత్విజులు దక్షిణచేత కొనబడినవారనియు, అయినను ద్రవ్యమును విడుచు త్యాగము మాత్రము యజమాని తానే చేయవలెననియు సిద్ధాంతము చేసినాడు. ఆహుతి నగ్నిలో వేయువాడు అధ్వర్యుడే. ఇది నాది కాదు అని నోటితో ననవలసినవాడు యజమాని. మన కంపెనీ ఈ సూత్రమును తలక్రిందులు చేసినది. నెలనెల వచ్చు ద్రవ్యమును గూర్చి ఇది నాది అనును. పచ్చికలోని తీగను గూర్చి ఇది నాది కాదు అనును. జైమిని ప్రకారము ఇది కుదరదు. ఎవని పేర ఫలము చేరునో వాడే కర్త. పని చేసిన చేతులు ఎన్నియైనను, అవి ఎంత దూరమున నున్నను, కొనబడిన చేతులే. బిల్లుమీద నున్న పేరే తీగమీదను ఉన్నది. ఆ పేరు వెనుక కూర్చుండి లాభమును పంచుకొను వాటాదారులు, ఆ లాభమునకై టికెట్టులను ఇట్లు ముక్కలు చేయుడని నిర్ణయించిన అధికారులు, వీరు యజమానులు. ఫోనులోని అమ్మాయి కాదు, టెక్నీషియను కాదు. చందాదారుడు సయితము ఆ సంబంధము మేరకే భోక్త, లాభమునకు కాడు.

యజ్ఞమున ఇంకొకడున్నాడు. అతనిని చెప్పుటకే ఇంతదూరము వచ్చితిని. బ్రహ్మ యని పిలువబడు ఋత్విజుడు వేదికి దక్షిణముగా కూర్చుండును. అతడు హోతవలె చదువడు, ఉద్గాతవలె పాడడు. కర్మ నడచుచున్నంతసేపును మౌనముగా మనస్సుచేత సమస్తమును వెంబడించుట అతని పని. నడుమ అతడు నోరు విప్పినచో యజ్ఞము ఒంటికాలి మనుష్యునివలె, ఒక్క చక్రపు రథమువలె కూలునని ఛాందోగ్యము చెప్పును. ఋక్కువలన లోపము వచ్చినచో గార్హపత్యమున, యజుస్సువలన వచ్చినచో దక్షిణాగ్నియందు, సామమువలన వచ్చినచో ఆహవనీయమున ప్రాయశ్చిత్తాహుతి వేసి తెగినదానిని అతుకుట అతని యధికారము. గమనింపుడు: తప్పుచేసిన దెవడని అతడు వెదకడు. ఏ పాయలో తెగినది, ఏ యగ్నియందు అతుకవలెను, ఇంతమాత్రమే అతని విచారణ. శిక్ష అతని పని కాదు, సంపూర్తి అతని పని.

నేటి కేబులు కంపెనీలో హోత లున్నారు, రాత్రింబవళ్ళు పలుకుదురు. అధ్వర్యులున్నారు, ఎండలో శ్రమింతురు. ఉద్గాతలు ప్రకటనలలో పాడుచునే యున్నారు. బ్రహ్మ లేడు. ఆ పేటలో తీగ వేయబడినది మొదలు మట్టి కప్పబడువరకు ఒక్క దృష్టితో చూచు ఒక్క మనిషి లేడు. పర్యవేక్షకు లుందురు కదా యని యనవచ్చును. ఉందురు, టికెట్టులను చూచుటకు. టికెట్టు కర్మ కాదు, కర్మయొక్క నీడ. నీడలను లెక్కించువాడు పచ్చిక దగ్గరకు రానేరడు.

దీనికి గీతను అడ్డుపెట్టువారు కొందరున్నారు. ఈ సాకును మన యువకులే, అదియు ఆ కంపెనీలవంటి కంపెనీలలో కొలువుచేయువారే, నాతో చెప్పగా వింటిని. పదునెనిమిదవ యధ్యాయమున భగవానుడు కర్మకు అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము అని ఐదు హేతువులు చెప్పి, నేనొక్కడనే కర్తనని తలచువాడు మందబుద్ధి యన్నాడు కదా, మేమును నిమిత్తమాత్రులమే కదా, అని వారి వాదము. వాదము చక్కగానే యున్నది, చదివినది అరపుట. ఆ యధ్యాయముననే, అంతకు ముందే, నియతమైన కర్మను మోహముచేత విడుచుట తామసత్యాగ మని ఆయన స్పష్టముగా చెప్పినాడు. కర్తృత్వాహంకారమును విడువుమనుట పనిని ముగించువానికి చేసిన బోధ; పనిని సగమున విడిచినవానికి ఇచ్చిన విడుదలపత్రము కాదు. శంకరులు చెప్పిన అకర్తృత్వము జ్ఞానికి చెందినది. అది కాల్‌సెంటరు కాగితములో అచ్చువేసి అందరికి పంచునట్టిది కాదు.

మన దేశమున ఈ కథ వేరొక వన్నె దాల్చినది. 1990ల ప్రాంతమున పట్టణములలో వెలసిన కేబులువాడు, 1995 శాసనము ప్రకారము పోస్టాఫీసులో పేరు నమోదు చేయించుకొని, ఒక డిష్షును డాబాపై నిలిపి, కొబ్బరిచెట్లమీదుగా, పిట్టగోడలమీదుగా, ఇతరుల స్తంభములమీదుగా తీగలు లాగెను. వాడు ఒక్క అడుగు తీగనైనను పూడ్చి యెరుగడు. పని చూచినచో నికృష్టము. కాని ఆ తీగ ఎవనిదో వీథిలో ఆరేండ్ల పిల్లవానికి తెలియును. సినిమా నడుమ బొమ్మ పోయినచో, “ఏమయ్యా, నీ తీగ మా మల్లెపందిరి విరుగగొట్టినది, ముందు దాని సంగతి చూడు, తరువాత డబ్బులు” అని మా పొరుగున ముసలమ్మ గారు గుమ్మములో నిలువదీయుటయు, వాడు, “చూస్తానమ్మా, కోపపడకండి” అని నిచ్చెన తెచ్చుటయు నాకు జ్ఞాపకము. హోత, అధ్వర్యుడు, బ్రహ్మ, యజమాని అన్నియు వాడే. దోషమునకు వాకిలి యుండెను, తట్టినచో తలుపు తెరచుకొనెను.

నేడు హైదరాబాదులో ఆ కేబులువాని స్థానమున పెక్కు కంపెనీలు వచ్చి, విద్యుత్ స్తంభములపై ఒకరి తీగ నొకరు మరుగుపరచునంతగా పెనవేసినవి. 2025 ఆగస్టులో రామంతాపూరున శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథమునకు విద్యుత్తు ప్రసరించి ఐదుగురు మరణించిరి. పిమ్మట విద్యుత్ పంపిణీ సంస్థవారు నగరమంతట స్తంభములమీది కేబుళ్ళను కోయసాగిరి. కంపెనీవారు హైకోర్టునకు పోయిరి. ఎవరికి అనుమతి యున్నది, ఎవరు అద్దె చెల్లించిరి, ఏ తీగ ఎవరిది అను విచారణ కొన్ని దినములు పత్రికల నిండ నిండెను. దైవకార్యమునకు రథము లాగుచు పోయినవారి ప్రాణములకు బదులు చెప్పుటకు మనుష్యుడు కానరాక, కత్తిరింపబడిన తీగలగుట్టలు వీథులలో కానవచ్చినవి. రథము లాగినవాడును పచ్చిక కోయువానివంటివాడే. ఆ తీగలలో నొకదానిని గూర్చియు వానిని ఎవరును అడిగియుండలేదు.

తీగను స్వయముగా పూడ్చుకొనుట మంచిదా యని కొందరు మిత్రులు నన్నడిగిరి. విసిగినవారు శనివారము ఉదయమున పార తీసికొని, పచ్చికను చీల్చి, తీగను లోనికి త్రోసి, కాలితో నదిమి ఊరకుందురు. ఆ పేటలలో ఇది సామాన్యమే. పక్కింటి పిల్లలు తట్టుకొని పడుచున్నపుడు, ముందు హానిని తొలగించి తరువాత తగవు పెట్టుకొనుట మేలని నా యభిప్రాయము, 811నకు చెప్పినపిమ్మటనే సుమా. కాని అందుచేత కంపెనీ దోషము తీరదు. రాజమార్గమున అశుచిని పారవేసినవాడు రెండు కార్షాపణములు దండుగ కట్టి, ఆ అశుచిని వెంటనే తానే తొలగింపవలెనని మనువు తొమ్మిదవ యధ్యాయమున విధించినాడు. రెండును కావలెను. కంపెనీ సంధికి వచ్చినపుడు ఇచ్చునది మొదటిది మాత్రమే: వచ్చు నెల బిల్లులో కొన్ని డాలర్ల తగ్గింపు. తగ్గింపు నందుకొని మనమును చల్లబడుదుము. తీగ యథాస్థానమున నుండును. దండుగ కట్టి అశుచి నుంచుకొను హక్కును కొనుక్కొనుట మనువు నెరిగినవారికి వింతగా తోచును.

పలువురు కలిసి చేయు వ్యవహారములకు సంభూయసముత్థానమని పేరుపెట్టి, మనువు ఎనిమిదవ యధ్యాయమున దానికి ఋత్విజులనే ఉదాహరణముగా దీసికొని చెప్పినది మన ప్రశ్నకు అన్నిటికన్న చేరువగా వచ్చినది. వరింపబడిన ఋత్విజుడు ఏ కారణముచేతనో తన పనిని నడుమ విడిచినచో, చేసిన పని మేరకే వానికి భాగము. కాని దక్షిణలు ఇచ్చివేసిన పిమ్మట విడిచినచో న్యాయము వేరు: వాడు తన భాగమును సంపూర్ణముగా నుంచుకొనవచ్చును, మిగిలిన పనిని మాత్రము మరియొకనిచేత చేయింపవలెను. కాంట్రాక్టరును పెట్టుకొనుటకు మనువు అడ్డుచెప్పలేదు. పనికి మనిషి కుదురువరకు వెంబడించు భారమును ఇంటివానికి వదలలేదు. దక్షిణ పుచ్చుకొన్నవానిపైననే యుంచినాడు. అమెరికాలో కేబులు బిల్లు సాధారణముగా రాబోవు నెలకు ముందుగానే వచ్చును, ముందుగానే చెల్లింపబడును.